ఏం గింజలురా ఇవి?

పోయిన జులైలో మన కాలేజీ పిల్లలం చేసిన విత్తన బంతుల కార్యక్రమం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఫొటోలు రెండు రోజులు అందరి స్టేటస్‌లలో తిరిగాయి. డ్రోన్ తయారుచేసిన బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి. డ్రోన్ కింద ఒక డబ్బా, దాని అడుగున సర్వో మోటారుతో తెరుచుకునే మూత. రిమోట్‌లో బటన్ నొక్కితే బంతులు ఒక్కొక్కటిగా కింద పడాలి. ఎర్రమట్టి, పేడ కలిపి చేసిన ఉండ, మధ్యలో గింజ. ఆ మూత ఇరుక్కుపోకుండా చెయ్యడానికే మాకు మూడు వారాలు పట్టింది. చివరికి పెనుకొండ దగ్గర మా ఊరి గుట్ట మీద ఎగరేశాం. ఆ చోటు చూపించింది నేనే. "అక్కడ గుట్టంతా ఖాళీగా ఉంటుంది సార్" అని చెప్పిందీ నేనే.

మధ్యాహ్నం మా తాత గొర్రెలు తోలుకుని అటే వచ్చినాడు. డ్రోన్ చప్పుడుకు గొర్రెలు బెదిరి ఒక పక్కకు ఉరికాయి. ఆయన వాటిని అదిలించి, నేలమీద పడిన ఒక బంతిని తీసుకుని వేళ్లతో నలిపి, లోపలి గింజను అరచేతిలో వేసుకుని చూసినాడు.

"ఏం గింజలురా ఇవి?"

నాకు తెలియదు. మూడు వారాలు ఆ బంతులతోనే గడిపాను. ఒక్కోటి ఎన్ని గ్రాములుందో తెలుసు, ఎంత ఎత్తు నుంచి పడితే పగలదో తెలుసు. లోపల ఏముందో తెలియదు. సంచి తెచ్చిన ఫ్రెండ్‌ను అడిగితే "నర్సరీలో ఏదో మిక్స్ ఇచ్చినారు మామా" అన్నాడు. తాత మాత్రం గుర్తుపట్టినాడు. బిళ్లలా చదునుగా, నున్నగా, గోధుమరంగులో ఉన్న ఆ గింజ సుబాబుల్‌ది.

"గొర్రెలు ఇది ఎక్కువ తింటే బొచ్చు రాలిపోతాది. ఈడ మొలిస్తే కింద గడ్డి చస్తాది. ఖాళీ అని నీకెవరు చెప్పినార్రా? నీ ఫీజు కట్టింది ఈ గుట్టే కదా."

నేనేం మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడలేకపోయిన మాటలే ఈ వ్యాసం. మన సీమలో బయటి నుంచి వచ్చిన మొక్కలు అడవి జంతువులకూ పక్షులకూ ఎంత నష్టం చేస్తున్నాయో రాద్దామని కూర్చున్నాను. రాస్తూ పోయేకొద్దీ నాకు తేలిందేమంటే, ఆ మొక్కలు వాటంతట అవి రాలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక నేలను చూసి "ఇక్కడేమీ లేదు" అనుకున్నాకే వాటిని తెచ్చినారు. 1877లో తెల్లదొరలు అనుకున్నారు. పోయిన జులైలో నేను అనుకున్నాను.

కిటికీ పక్క సీటు

మనలో చాలామంది ఇంటికి పోయేది రైల్లోనే. ఈసారి హిందూపురంలో ఎక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి చూడండి. పట్టాల పక్కన, చెరువు కట్టల మీద, బీడు పడిన చేలల్లో, వంకల్లో ఒకటే చెట్టు. సన్నటి ఆకులు, పొడవాటి ముళ్లు, పసుపురంగు కాయలు. కొందరు సర్కారు తుమ్మ అంటారు, కొందరు సీమ తుమ్మ అంటారు, మా ఊళ్లో కంపచెట్టు అంటే చాలు. హిందూపురం పక్క పెన్నలోనూ, ధర్మవరం పక్క చిత్రావతిలోనూ నీళ్లు పారాల్సిన ఇసుకలో ఈ కంపే కనిపిస్తుంది. ఈ చెట్టు లేని సీమను మన తరం చూడలేదు. అందుకే ఇది ఇక్కడిదే అనుకుంటాం.

ఇది ఇక్కడిది కాదు. దీని పుట్టిల్లు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, కరీబియన్ దీవులు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోం 1876లో ఈ గింజలు కావాలని పైవాళ్లకు రాస్తే, మరుసటి ఏడు జమైకా నుంచి వచ్చాయి. వాటిని నాటింది ఎక్కడో దూరంగా కాదు, మన పక్కనే కడప జిల్లా కమలాపురంలో. అవి ధాత కరువు రోజులు. వంటచెరుకు లేని మెట్టసీమకు వానతో పని లేకుండా పెరిగే చెట్టు కావాలనుకోవడంలో తప్పు పట్టడానికేమీ లేదు. తర్వాత స్వతంత్ర ప్రభుత్వాలూ దీన్నే నాటించాయి. 'సర్కారు' అన్న పేరు ఊరికే రాలేదు. రాజస్థాన్‌లోనైతే జోధ్‌పూర్ సంస్థానం 1940లో దీన్ని రాజవృక్షంగా ప్రకటించింది. గుజరాత్ వాళ్లు 1960ల మొదట్లో కచ్‌లోని బన్నీ గడ్డిభూముల్లో ఉప్పు ఎగదన్నకుండా ఉండాలని నాటారు. ఇప్పుడు ఆ బన్నీలో గడ్డి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇంజనీరింగ్ కళ్లతో చూస్తే ఈ చెట్టు డిజైన్‌కు దండం పెట్టాలి. కాయ తియ్యగా ఉంటుంది, కాబట్టి మేకలూ గొర్రెలూ ఆవులూ ఎగబడి తింటాయి. గింజ పైపెంకు గట్టిది, కాబట్టి కడుపులో అరగకుండా పేడలో, పెంటికల్లో బయటికొస్తుంది. అంటే రవాణా ఉచితం, ఎరువూ ఉచితం. ఆకును మాత్రం మేక కూడా సరిగా ముట్టదు, కాబట్టి మొలిచిన మొక్కకు భయం లేదు. గింజ వెంటనే మొలవకపోయినా మట్టిలో ఏళ్ల తరబడి ప్రాణంతో ఉంటుంది. చెట్టును నేలకు సమంగా నరికితే చావదు. ఒక మాను పోయి అయిదారు పిలకలొస్తాయి. వేరు ఎంత లోతుకైనా పోతుంది. అమెరికాలోని ఆరిజోనాలో ఒక గని తవ్వకంలో ఈ కుటుంబపు చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనపడింది. దీని ఆకులు రాలిన చోట, ఆ ఆకుల్లోని రసాయనాల వల్ల చాలా మొక్కల గింజలు సరిగా మొలవవు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. దసరాకు మనం పూజ చేసే జమ్మిచెట్టు దీనికి దాయాది. అదీ ముళ్లదే, అదీ కరువుకు తట్టుకునేదే, దాని వేరూ లోతుకు పోయేదే. కానీ జమ్మి కింద గడ్డి మొలుస్తుంది, పంటా పండుతుంది. రాజస్థాన్ రైతులు చేలో జమ్మిని కొట్టకుండా ఉంచుకునేది అందుకే. 2012లో అచ్చయిన ఒక పరిశోధనలో మన దేశంలో ఈ రెండు చెట్ల నీడనూ పోల్చి చూశారు. కంప కింద మొక్కల రకాలు బయటికంటే బాగా తగ్గిపోయాయి. జమ్మి కింద పెద్దగా తేడా లేదు. అదే పరిశోధనలో కంప తన పుట్టింట్లో ఇంత చెడ్డగా ప్రవర్తించదనీ తేలింది. వేల ఏళ్లుగా దాంతో కలిసి పెరిగిన మొక్కలు, పురుగులు అక్కడున్నాయి, ఇక్కడ లేవు. చెట్టుది నేరం కాదు. తప్పు చోటికి తెచ్చి వదలడం మనది.

దూరం చూడగలిగితేనే బతుకు

జంతువుల సంగతికొస్తాను. అడవి అనగానే మనకు సినిమాల్లో చూపించే దట్టమైన చెట్లే కళ్లముందుకొస్తాయి. మన సీమ అడవి అట్లా ఉండదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ఈ నేలలో సహజంగా ఉండేది బోదగడ్డి, తంగేడు, బందారు, రేగు, బలుసు, కలివి పొదలు, అక్కడొక చండ్ర, ఇక్కడొక తెల్లతుమ్మ, మధ్యలో బోడినేల. ఆ బోడినేల కూడా అడవిలో భాగమే. దాని మీద బతికే ప్రాణులు వేరే ఉన్నాయి.

తీతువు గుడ్లు పెట్టేది రాళ్ల మధ్య బోడినేల మీదే. కౌజు, పూరేడు గడ్డి దుబ్బుల కింద నేల మీదే గూడు కడతాయి. కుందేలుకు గడ్డి కావాలి. గుంటనక్కకు ఎలుకలు, పురుగులు దొరికే మైదానం కావాలి. కృష్ణజింకకు దాని కళ్లూ కాళ్లే రక్షణ. దూరం నుంచి తోడేలును చూడాలి, చూసి ఉరకాలి. ముళ్లకంప నిండిన చోట చూడటానికీ లేదు, ఉరకడానికీ లేదు. తినడానికి గడ్డి అంతకన్నా లేదు. జింకా కుందేలూ తగ్గితే తోడేలుకు మిగిలేది మా తాత గొర్రెలే. అప్పుడు మనం తోడేలును తిడతాం.

మన పక్క జిల్లాల్లోనే దీనికి రెండు ఉదాహరణలున్నాయి. ఒకటి కలివికోడి. వందేళ్లకు చేరువగా ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ పక్షి కోరుకునే ఇల్లు చాలా లెక్కగా ఉంటుంది. ముళ్లపొదలు ఉండాలి, పొదకీ పొదకీ మధ్య నడవడానికి బోడినేలా ఉండాలి. పొదలు కొట్టేస్తే పోతుంది, పొదలు కమ్ముకుపోయినా పోతుంది. రెండోది బట్టమేకపిట్ట. దాని కోసం 1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. దేశం మొత్తం మీద ఇప్పుడు ఆ పక్షులు రెండు వందలు కూడా లేవు. అది తగ్గిపోవడానికి కంప ఒక్కటే కారణమని చెప్పను. వేట ఉంది, కరెంటు తీగలున్నాయి, గడ్డిభూములు చేలుగా మారడం ఉంది. కానీ ఈ రెండు పక్షులకూ కావాల్సింది ఒకటే, మనం ఖాళీ అని పిలిచే నేల.

ఎలుగుబంట్ల సంగతీ ఇట్లాంటిదే. గుడిబండ, మడకశిర, కళ్యాణదుర్గం పక్క ఊళ్లలోకి ఎలుగుబంటి వచ్చిందన్న వార్త మనకు కొత్తేమీ కాదు. గుట్టల్లో క్వారీలు, ఎండిన కుంటలు, ఇట్లా కారణాలు చాలా ఉన్నాయి. అయితే ఎలుగు తినేవాటిలో చెదలు, తేనెతో పాటు రేగు, కలివి, బలుసు లాంటి అడవి పండ్లూ ఎక్కువే. అవి పెరిగే గుట్ట వాలుల్లో ఇప్పుడు లంటానా పొదలు, కింద అంచుల్లో కంప. పెనుకొండ కోట గుట్ట ఎక్కినవాళ్లకు ఆ రంగురంగుల పూల పొదలు గుర్తుండే ఉంటాయి. వాటి ముందు నిలబడి సెల్ఫీలు కూడా దిగి ఉంటారు. అదే లంటానా, మనవాళ్లు పులికంప అంటారు. రెండు వందల ఏళ్ల కిందట తోటల్లో అందానికని తెచ్చిన మొక్క. మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా ఇది పాకిందని 2020లో ఒక అధ్యయనం తేల్చింది. అది అల్లుకున్న చోట గడ్డి ఉండదు, గడ్డి లేని చోట జింక ఉండదు.

వానలు పడ్డాక మన గ్రౌండ్ చుట్టూ మొలిచే వయ్యారిభామ, చెరువుల మీద పరుచుకునే గుర్రపుడెక్క కూడా ఈ కోవలోనివే. వాటి గురించి మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను.

కంప వల్ల బాగుపడిన జంతువూ ఒకటుంది. అడవిపంది. పగలు కంపలో పడుకుంటుంది, రాత్రి పక్కనే ఉన్న వేరుశనగ చేలో దిగుతుంది. ఆ ముళ్లలోకి మనిషి పోలేడు, కుక్కా పోలేదు. కాబట్టి బయటి మొక్క అన్ని జంతువులనూ ఒకేలా చంపదు. కొన్నిటిని తరిమి, కొన్నిటిని పెంచి, రైతుకూ అడవికీ మధ్య ఉన్న పాత లెక్కను తారుమారు చేస్తుంది. వలలు, కరెంటు కంచెలు, వాటిలో పడి చచ్చే జంతువులు, ఒక్కోసారి మనుషులు, ఇవన్నీ ఆ లెక్క తప్పినందువల్ల వచ్చేవే.

మరి కొట్టేస్తే పోలా?

ఇదంతా చెప్పి ఒకరోజు మా తాతతో, "ఈ కంపంతా జేసీబీతో పీకించేయాల తాతా" అన్నాను. ఆయన నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. నవ్వినాడు.

"మీ అవ్వ ఇన్నేండ్లు పొయ్యిలోకి ఏం పెట్టిందనుకున్నావు? వాన లేని ఏండ్లలో చేన్ల పనులు ల్యాకుంటే బొగ్గు బట్టీలకాడికి పోయి కంప కొట్టినోళ్లమే అందరూ. చేనికి కంచె కంపదే. ఊరికే పీకేస్తే మల్లా వారం రోజులకు అదే వస్తాది."

ఇది నేను పుస్తకాల్లో చదవని వాదన. నిజం కూడా. కరువు సీమలో గ్యాస్ సిలిండర్ రాకముందు వంటచెరుకు, కూలి, కంచె ఇచ్చిన చెట్టు ఇది. ఒక పక్క అడవిని తింటూ ఇంకో పక్క పేదోడికి అన్నం పెట్టింది. ఈ రెండో సంగతి ఒప్పుకోకుండా మొదటిది మాట్లాడితే ఊళ్లో ఎవరూ మన మాట వినరు, వినాల్సిన పనీ లేదు.

పక్షులు కూడా ఈ విషయంలో మన వాదనను ఇబ్బంది పెడతాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కట్టుకునేది ఎక్కువగా ఈ సర్కారు తుమ్మ చెట్ల మీదే. రేపు ఎవరైనా ఆవేశపడి ఆ చెట్లు కొట్టేస్తే పర్యావరణం పేరుతో పక్షుల ఊరు కూల్చినట్టవుతుంది.

మన దగ్గర హిందూపురానికి అవతల చిలమత్తూరు మండలం వీరాపురానికీ ఏటా ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. వాటిని సైబీరియా పక్షులంటారు గానీ, నిజానికి అవి మన ఉపఖండపు పక్షులే. నీళ్లు, చేపలు దొరికే చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. అక్కడవి ఊరి మధ్య ఇళ్ల పక్కనుండే చింతచెట్ల మీద, ఇతర చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. అయితే ఆ పక్షికి చెట్టొక్కటే చాలదు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ, ముక్కు తెరిచి నీళ్లలో ఆడిస్తూ చేపలు పట్టుకునే పక్షి అది. చుట్టుపక్కల చెరువుల్లో అట్లాంటి పల్చటి నీళ్లుండాలి. చెరువు లోపలంతా కంప మొలిస్తే, లేదా పైనంతా గుర్రపుడెక్క కప్పేస్తే, ఊరు ఎంత ప్రేమగా చూసుకున్నా పిల్లలకు తిండి దొరకదు. వీరాపురంలో చెట్టును కాపాడాలి, వీరాపురం పక్క చెరువుల్లో కంపను తీయాలి. రెండూ ఒకే పక్షి కోసం.

కాబట్టి "కొట్టేద్దామా వద్దా" అన్న ప్రశ్నే సరైంది కాదు. ఎక్కడ, ఎప్పుడు, తీశాక ఏం చేస్తాం అన్నవి అసలు ప్రశ్నలు. తమిళనాడులో మద్రాసు హైకోర్టు మధురై బెంచ్ 2017లో సీమ తుమ్మ తొలగించాలని గట్టిగా ఆదేశాలిచ్చింది. యంత్రాలు దిగాయి. కానీ వేరు మొదలు నేలలోనే ఉండిపోయిన చోట అది మళ్లీ లేచింది. ఒకసారి తీసి ఫొటో దిగి వచ్చేయడం కంప విషయంలో పనికిరాదు. మొక్క నాటి ఫొటో దిగి వచ్చేయడం ఎంత పనికిరాదో ఇదీ అంతే.

ఇట్లాంటి సమస్యకు పరిష్కారమే లేదా అంటే ఉంది. మన దక్షిణాదిలో పొలాలనూ బీళ్లనూ కమ్మేసిన నాగజెముడును ఒకప్పుడు మనుషులు నరికి గెలవలేకపోయారు. 1926లో దాన్ని మాత్రమే తినే ఒక చిన్న పురుగును తెచ్చి వదిలితే కొన్నేళ్లలో అది అదుపులోకి వచ్చింది. వయ్యారిభామ మీదికి మెక్సికో నుంచి తెచ్చిన పెంకు పురుగును 1984లో పక్కనున్న బెంగళూరులోనే మొదట వదిలారు. అది పూర్తిగా గెలవలేదు గానీ వానాకాలంలో ఆకుల్ని బాగానే తింటుంది. వయ్యారిభామ మీదికి పురుగును తెచ్చినవాళ్లు ముందు ఆ పురుగు ఇంకేం తింటుందో పరీక్షించారు. వదిలే ముందు "ఏముంది లోపల" అని అడిగారు. మేం డ్రోన్ ఎగరేసే ముందు అడగనిది అదే.

మనం చేయగలిగింది

ప్రపంచ స్థాయిలో 2023లో వచ్చిన ఐపీబీఈఎస్ నివేదిక ప్రకారం, ఇప్పటిదాకా నమోదైన జీవజాతుల అంతర్ధానాల్లో 60 శాతం వాటిల్లో బయటి నుంచి వచ్చిన జాతుల పాత్ర ఉంది. మన వన్యప్రాణి రక్షణ చట్టంలోకి కూడా 2022 సవరణతో ఈ విషయం వచ్చింది. ఆ సవరణ ముఖ్యంగా కొత్తవి దేశంలోకి రాకుండా, పెంచకుండా చూసేందుకు అధికారమిస్తుంది. ఇప్పటికే మా గుట్ట కింద మొలిచిన కంపను ఢిల్లీ వచ్చి పీకదు. అందుకే మన చేతిలో ఉన్నవి మాత్రం నాలుగు చెబుతాను.

మొదటిది, మన కాలేజీ ఏ మొక్క నాటినా, ఏ గింజ చల్లినా దాని పేరు ముందుగా రాసిపెట్టాలి. పేరు తెలియని గింజ సంచి గేటు దాటకూడదు. సుబాబుల్, కోనోకార్పస్ లాంటివి త్వరగా పచ్చబడతాయి, ఫొటోలో బాగుంటాయి, తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. అందుకే వాటిని నాటుతున్నాం. ప్రపంచంలో అత్యంత నష్టం చేసే 100 జాతుల అంతర్జాతీయ జాబితాలో లంటానా, గుర్రపుడెక్కలతో పాటు సుబాబుల్ కూడా ఉందని తెలిశాక అయినా ఆగుదాం.

రెండోది, నాటే ముందు అక్కడ ఏముందో చూడాలి. సివిల్ వాళ్లు పునాది వేసే ముందు మట్టి పరీక్ష చేస్తారు. గుట్ట మీద గింజ చల్లే ముందు ఆ పాటి పరీక్ష కూడా వద్దా? గడ్డీ పొదలూ ఉండే చాలా భూముల్ని మన ప్రభుత్వ పటాలు కూడా బంజరు అనే లెక్కేస్తాయి. ఆ పటాలు తయారయ్యేది ఉపగ్రహ చిత్రాల నుంచి. ఆకాశం నుంచి చూస్తే తీతువు గుడ్డు కనపడదు. అదే గుట్ట మీద తిరిగే గొర్రెల కాపరిని అడిగితే చెబుతాడు.

మూడోది, కంప తీసే పనిలో వరస ఉండాలి. ముందు చెరువు లోపల, వంకల్లో, నదీ గర్భంలో, ఇంకా గడ్డి మిగిలి ఉన్న బీళ్లలో. పక్షులు గూళ్లు పెట్టిన చెట్ల జోలికి పోకూడదు. అవి గూళ్లలో ఉండే నెలల్లో పక్కన కూడా యంత్రం మోగకూడదు. మొదలు నేల లోపలి దాకా తవ్వి తీయాలి. తర్వాత కనీసం మూడు నాలుగు వానాకాలాలు పిలకలు, మొలకలు పీకుతూ ఉండాలి. తీసిన కట్టెను ఊరివాళ్లకే ఇవ్వాలి, తీసే కూలీ వాళ్లదే కావాలి. తీసిన చోట జమ్మి, రేగు, చండ్ర, నల్లతుమ్మ రావాలి. కొన్ని చోట్ల ఏమీ నాటకుండా గడ్డిని రానివ్వడమే మంచిది.

నాలుగోది మన బ్రాంచీల పని. డ్రోన్లు చేయడం మనకు వచ్చు కదా. గింజలు చల్లడానికి బదులు వాటితో ఫొటోలు తీసి, పెన్న, చిత్రావతి గర్భంలో కంప ఎంత మేర ఉందో, ఏటా ఎంత పెరుగుతోందో కొలుద్దాం. లేత మొక్కను వేరుతో సహా తేలిగ్గా పెకలించే చేతి పరికరం చేద్దాం. మెకానికల్ వాళ్లకు ఇది మంచి మినీ ప్రాజెక్టు. ఇప్పుడు గునపంతో ఒక మొదలు తీయడానికి మనిషికి ఎంత సేపు పడుతుందో నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఎట్లా చూశానంటారా? పోయిన సెప్టెంబరులో వానలు పడ్డాక మా గుట్ట మీద మేం చల్లిన బంతులు మొలిచాయి. అన్నీ కాదు గానీ చాలానే. మా బ్యాచ్‌లో నలుగురం రెండు ఆదివారాలు పోయి ఆ సుబాబుల్ మొలకలు వెతికి పీకాం. డ్రోన్‌తో అరగంటలో వేసినవి అవి. తాత వెంట నడుస్తూ, మేం పీకబోయిన వాటిలో ఏది పీకాలో ఏది వదలాలో చెప్పినాడు. ఆయన చెప్పిన పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. బోద, బందారు, బలుసు, కలివి, రేగు, చండ్ర... రెండు పేజీలు నిండాయి. కింద అంచున ఉన్న ఒక కంప మొదలు కూడా తవ్వి చూశాం. నలుగురం కలిసి పూట పట్టింది.

గుట్ట దిగేటప్పుడు మా ముందు నుంచి ఒక కౌజు జంట బుర్రున లేచి అవతలి దుబ్బుల్లో పడింది. ఇరవై ఏళ్లు ఆ గుట్ట కింద పెరిగి కూడా నేను వాటిని అంత దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి.

వచ్చే జులైలో మళ్లీ మొక్కల కార్యక్రమం ఉంటుంది. మళ్లీ ఎవరో ఒక సంచి తెస్తారు. ఆ సంచి విప్పే ముందు మనలో ఎవరో ఒకరు మా తాత అడిగిన ప్రశ్న అడగాలి. ఎవరూ అడగకపోతే నేనే అడుగుతాను.